రెండు కుడి కళ్ళు

1938లో, ఫాల్గుణ మాసం మొదట్లో ఒక శుక్రవారం పొద్దున, వీపనగండ్ల దగ్గరి పల్లె నుంచి కురుమూర్తి అనే రైతు వనపర్తి వచ్చి, దశరథం ఇంటి అరుగు మీద కూలబడ్డాడు. శాంతయ్య ఇచ్చిన చెంబెడు నీళ్ళు సగం గడ్డం మీదే పోసుకున్నాడు.

దశరథం ఒక వకీలు దగ్గర పదిహేనేళ్ళు గుమాస్తాగా ఉండి, సాక్షులు ఎక్కడ తడబడతారో నేర్చుకుని, తరువాత సొంతంగా నేరపరిశోధనలు మొదలుపెట్టినవాడు. శాంతయ్య అంతకు ముందు పశువుల దవాఖానలో కాంపౌండరు. ఇప్పుడు దశరథానికి సహాయకుడు, అంతకు మించి భక్తుడు.

"సారూ, మా ఇంట్ల బాణామతి వడ్డది," అన్నాడు కురుమూర్తి.

"ఎవరికి పడ్డది?"

"మొదలు మా మోతికి. మంద కాసే కుక్క. పుష్యమాసం అమాస పోయిన రెండొద్దులకు కుడి కన్ను వాలింది. లోపలి నుంచి తెల్ల పొర వచ్చి సగం కప్పేసింది. మొన్న మాఘమాసం అమాస పోంగనే పిల్లికి గూడ గట్లనే అయింది. అది గూడ కుడి కన్నే. ఇగ ఇంట్ల నా బిడ్డ జములమ్మ ఉన్నది. ఐదేండ్ల పిల్ల. దానికి వచ్చే అమాస దాకనే గడువని అందరంటున్నరు."

"ఎవరి మీద అనుమానం?"

"కూలికొచ్చే ఏసమ్మ మీద. అంబలి కుండల మూతి వెట్టిందని మోతిని తిట్టింది, నీ కండ్లు వడిపోను అని. నలుగురు విన్నరు. పిల్లిని గూడ గదే మాటన్నది." కురుమూర్తి గొంతు తగ్గించాడు. "ఆదివారం నాడు దాని పండ్లు రాలగొడ్తమని మా బామ్మర్ది కిష్టయ్య అంటుండు. ఊరంత సరే అన్నది. నాకే నిద్ర వడ్తలేదు. చేసింది ఆమెనే అని మీరు తేల్చి చెప్పున్రి. కాకపోతే గది గూడ చెప్పున్రి."

బాణామతి, అంటే చేతబడి, చేసిందన్న మనిషి ముందు పళ్ళు ఊడగొడితే నోట మంత్రం సరిగా పలకదని, పలకని మంత్రం పారదని ఆ పల్లెల్లో నమ్మకం. దశరథం లేచి కురుమూర్తి ఎదురుగా నిలబడ్డాడు.

"నేను చెప్పేదాకా ఆమె మీద చెయ్యి పడొద్దు. మాటిస్తవా?"

"ఇస్త సారూ."

శనివారం పెబ్బేరు దాకా మోటారు బస్సులో, అక్కడి నుంచి కురుమూర్తి పంపిన ఎద్దుల బండిలో వెళ్ళారు. పల్లె చేరేసరికి మధ్యాహ్నం దాటింది.

కురుమూర్తి భార్య తిమ్మమ్మ మజ్జిగ తెచ్చి ఇచ్చింది. బిడ్డను మాత్రం చంక దింపలేదు. పిల్ల కుడి కంటి చుట్టూ దిష్టికని వేపాకు పసరు పూసి ఉంది. మోతి వాకిట్లో పడుకుని ఉంది. దశరథం దాని ముందు గొంతుక్కూర్చున్నాడు. కుడి రెప్ప సగం వాలింది. ముక్కు వైపు నుంచి పలుచని తెల్లపొర కంటి మీదికి జరిగింది. కన్ను లోపలికి దిగినట్టుంది. కానీ ఎర్రదనం లేదు, పుసి లేదు, రెప్ప కమలలేదు.

"జిల్లేడు పాలు చల్లినా, కారం కొట్టినా కన్ను ఇంత నిమ్మళంగా ఉంటదా శాంతయ్యా?"

"ఉండదు సార్. మండి, వాచి, నీరు కారుతది."

మోతి తల కొంచెం కుడి పక్కకు ఒరిగి ఉంది. దశరథం తల నిమిరితే తోక ఆడించింది. కుడి చెవి మొదట్లో వేలు తగలగానే కుయ్యిమని వెనక్కి గుంజుకుంది. అతను ఆ వేలిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి, రుమాలుతో తుడుచుకున్నాడు.

తరువాత పిల్లిని గాదె ఉన్న చీకటి గదిలోకి తీసుకుపోయి తలుపు వేశారు. కొంత సేపటికి శాంతయ్య తలుపు సందు కాస్త తెరిచాడు. ఆ పలుచని వెలుగులో పిల్లి ఎడమ కంటిపాప రేగుపండంత విచ్చుకుని కనిపించింది. కుడి కంటిపాప మాత్రం సన్నగా గీతలాగే ఉండిపోయింది. తలుపు పూర్తిగా తీసి వెలుగులోకి తెస్తే ఎడమ పాప కూడా కుడిదానిలాగే సన్నబడింది.

"వెలుగులో తేడా లేదు. చీకట్లోనే తేడా," అన్నాడు దశరథం. "మూసుకోవడం వచ్చు, తెరుచుకోవడం రాదు. కన్ను చెడలేదు శాంతయ్యా. దాన్ని తెరిచే నరం చెడ్డది. నీ దవాఖానలో ఇలాంటిది ఎప్పుడన్నా చూశావా?"

శాంతయ్య నుదురు రుద్దుకున్నాడు. "ఒక్కసారి చూసిన సార్. వేటకుక్క. చెవిల చీము వట్టి లోపల కుళ్ళింది. కన్ను అచ్చం గిట్లనే వాలింది. డాక్టరు చెవికే మందు వేసిండు, కంటికి ఏం వెయ్యలే."

దశరథం చిన్నగా తల ఊపాడు.

అరుగు చివర, గోడ మూలన, కురుమూర్తి తల్లి జోగులమ్మ కూర్చుని ఉంది. డెబ్బై దాటిన మనిషి. కుడి భుజం గోడకు ఆనుతుంది, ఎడమ పక్క నుంచి వాకిలి వెలుగు పడుతుంది. ఒడిలో చీర మీద నూనె మరకలు, ఎన్ని ఉతుకులకూ పోనివి. పక్కన చిన్న మూకుడులో కానుగ నూనె, పత్తి చుట్టిన కందిపుల్లలు ఉన్నాయి.

"అవ్వా, ఇవి ఎందుకు?"

"మూగజీవాలు గద బిడ్డా. చెవులల్ల గోమార్లు వట్టి నెత్తురు తాగుతయి. అమాస నాడు నాగలి కట్టం, మంద తోలం. మోతి ఇంటికాడనే ఉంటది. వీపు నా దిక్కు వెట్టి, మోకాళ్ళ నడుమ వట్టుకొని తీస్త."

"పిల్లికి కూడా?"

"దానిది మాత్రం పానం కాదా? మొన్నటి అమాసకు తీసిన. ఎన్క కోడి ఈకతోటి తీద్దును. ఇప్పుడు కండ్లు మసకలాయె, ఈక కొన ఎటువోతున్నదో కానరాదు. ఈ యేడు పుల్ల వట్టిన."

"పుల్ల కొన కనపడతదా?"

"ఎలుతురు దిక్కుది కనవడ్తది. గోడ దిక్కుది చేతి అందాజ మీదనే."

దశరథం ఆ మసక కళ్ళ వైపు కొంచెం ఎక్కువ సేపు చూశాడు.

తిమ్మమ్మ తమ్ముడు కిష్టయ్య వాకిట్లోకి వచ్చాడు. ముప్పై ఏళ్ళుంటాయి. చేతికర్ర తిప్పుతూ నిలబడ్డాడు.

"ఏంది సారూ, పిల్లితోటి దాగుడుమూతలు ఆడుతున్నవంట? దొంగ ఎవరో పిల్లి చెప్పిందా?"

"చెప్పింది," అన్నాడు దశరథం.

"మరి మాకు జెప్పు."

"రేపు పొద్దున అందరి ముందు చెప్తా. ఇప్పటికి ఒక్కటి విను. ఇది ఎవరూ పెట్టిన మందు కాదు, కొట్టిన దెబ్బ కాదు."

"మందు కాదు, దెబ్బ కాదు," అని కిష్టయ్య మెల్లగా తనలో తాను అనుకుంటూ వెళ్ళిపోయాడు.

పొద్దు వాలుతుండగా ఏసమ్మను పిలిపించారు. ఆమె వెంట భర్త జయరాజు వచ్చి, వాకిలి బయటే నిలబడ్డాడు. ఏసమ్మకు నలభై లోపే. కలుపు తీసి వచ్చిన చేతులకు మట్టి ఇంకా ఆరలేదు.

"కుక్కను తిట్టినావా?"

"తిట్టిన. కుండెడు అంబలి నేల పాలాయె, పిల్లలకు ఏం వొయ్యాలె? పిల్లిని గూడ తిట్టిన. నా మొగుణ్ణి దినాం తిడ్త. ఆయన కండ్లు మంచిగనే ఉన్నయి గద."

వాకిలి బయట జయరాజు తల దించుకుని నవ్వు ఆపుకున్నాడు. శాంతయ్యకు కూడా నవ్వొచ్చింది.

"వాటికి ఏమన్నా పెట్టినావా? పూసినావా?"

"యేసు సాక్షి, లేదు. అయ్యా, ఇంకో మాట. అమాస నాడు నేను ఈడనే చాట చెరుగుతుంటి. మోతి కుయ్యోమని ఒర్రింది..."

"రేపు చెప్పుదువు," అన్నాడు దశరథం. ఆమె ఏం చెప్పబోతోందో అతనికి అప్పటికే తెలుసు. "భయపడకు. పొద్దున నీ మీద మాట ఉండదు. ఇంటికి పో."

ఆమె పోయాక శాంతయ్య ఉండబట్టలేకపోయాడు. "సార్, చెవి నరమేనా? అవ్వనేనా?"

"అవ్వే."

"మరి ఇప్పుడే చెప్పొద్దా?"

"ఒకరిద్దరికి చెప్తే పుకారైతది. ఊరంతా కూర్చున్నాక, ఒక్కొక్క మెట్టు ఎక్కించి చెప్తేనే నిలుస్తది. నువ్వే చూస్తవు గదా." శాంతయ్య తృప్తిగా తల ఊపాడు. అతనికి ఇష్టమైన ఘట్టం అదే.

ఆదివారం తెల్లవారుతుండగా జయరాజు పరుగెత్తుకుంటూ వచ్చాడు. అతని చొక్కా ముందంతా రక్తం. అది అతనిది కాదు.

కిష్టయ్య, మరో ఇద్దరు, కోడి కూసేవేళకే గుడిసె మీద పడ్డారు. కురుమూర్తికి చెప్పలేదు. మందు కాదు, దెబ్బ కాదు అని పట్నం సారే చెప్పిండు గదా, ఇగ మంత్రమే గదా మిగిలింది అని అనుకున్నారు. రాతితో ఏసమ్మ ముందు పళ్ళు నాలుగు రాలగొట్టారు.

జనాన్ని పిలవాల్సిన అవసరమే లేకపోయింది. పొద్దెక్కేసరికి ఊరంతా కురుమూర్తి వాకిట్లోనే ఉంది. ఏసమ్మ జయరాజు భుజానికి ఆనుకుని, నోటికి తడిగుడ్డ అదుముకుని కూర్చుంది. గుడ్డ తెలుపు ఎక్కడా కనిపించలేదు. శాంతయ్య ఉప్పునీళ్ళతో పుక్కిలించమని చెంబు ఇస్తే, ఆమె అందుకోలేదు.

దశరథం లేచి నిలబడ్డాడు. ఎప్పటిలాగే మొదలుపెట్టాడు గానీ, గొంతులో ఎప్పటి ఊపు లేదు.

"కుక్కకూ పిల్లికీ చెడ్డది కన్ను కాదు. తలలో పుట్టి మెడ కిందికి దిగి, మళ్ళీ పైకెక్కి, చెవి లోపలి గదిని ఆనుకొని కంటికి పోయే నరం ఒకటున్నది. రెప్పను ఎత్తి పట్టేది అదే. చీకట్ల కంటిపాపను విప్పేది అదే. చెవి లోపల గాయమైతే ఆ నరం నలుగుతది. రెప్ప వాలుతది, లోపలి పొర బయటికొస్తది, కంటిపాప విచ్చుకోదు. నిన్న పిల్లిని చీకటి గదిలో పెట్టి చూసినం."

"చెవికి గాయం ఎవరు చేసిన్రు?" అన్నాడు కురుమూర్తి.

"మోతి కుడి చెవి ముట్టుకుంటే ఏడుస్తది. ఆ చెవిల కానుగ నూనె వాసన ఉన్నది. రెండింటికీ అమాస అయినంకనే వచ్చింది. అమాస నాడు మీరు పని కట్టరు, జీవాలు ఇంటికాడ ఉంటయి. అమాస చూసి మీరు మంత్రమనుకున్నరు. ఆనాడు వాటి చెవులు శుభ్రం చేసేది ఎవరు? గోడ పక్కన కూర్చుంటే ఎడమ చెవి వెలుతురుకు ఉంటది, కుడి చెవి గోడ నీడల ఉంటది. ఆ దిక్కు పుల్ల ఎంత లోపలికి పోయిందో కండ్లు మసకబారిన మనిషికి తెల్వదు."

అందరి చూపులూ అరుగు మూలకు మళ్ళాయి.

జోగులమ్మకు ముందు అర్థం కాలేదు. తరువాత తన చేతుల వైపు చూసుకుంది. "నేనా?" అంది. "నేను గోమార్లు తీసిన బిడ్డా. మంచికే తీసిన." ఆమె మూకుడును దూరంగా నెట్టబోతే అది ఒలికి, నూనె అరుగు మీదంతా పారింది. లేచి, గోడ పట్టుకుంటూ ఏసమ్మ దగ్గరికి వచ్చి కూర్చుంది. ఏసమ్మ మోకాలి మీద చెయ్యి వేసింది. ఏసమ్మ ఆ చేతిని తీసెయ్యలేదు, పట్టుకోనూ లేదు.

కిష్టయ్య చేతికర్ర కింద పడేసి, "సారు మందు కాదన్నడు గద," అన్నాడు.

కురుమూర్తి తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు. "మాటిచ్చి నిలవెట్టుకోలేకపోయిన. ఏసమ్మా, నీకు ఏం గావాలెనో అడుగు."

ఏసమ్మ గుడ్డ తీసింది. మాట తడబడుతూ, గాలితో కలిసి వచ్చింది.

"నేను చెయ్యలే అంటే ఒక్కరు నమ్మలే. కుక్క చెవి చెప్తే నమ్మిండ్రు." తరువాత దశరథం వైపు తిరిగింది. "అయ్యా, నీకు ఇది ఇయ్యాల ఎర్కయిందా? నిన్ననే ఎర్కనా?"

శాంతయ్య తల వంచుకున్నాడు.

"నిన్ననే," అన్నాడు దశరథం.

ఆమె గుడ్డ మళ్ళీ నోటికి పెట్టుకుని, జయరాజు చెయ్యి ఊతంగా లేచింది.

దశరథం ఆ రోజే తన చేత్తో ఫిర్యాదు రాసి ఠాణాలో ఇచ్చాడు. కిష్టయ్యకూ మిగతా ఇద్దరికీ శిక్ష పడింది. జయరాజు మాత్రం సాక్ష్యం చెప్పి వచ్చిన మరునాడే గుడిసె మీది కప్పు విప్పుకుని, భార్యాపిల్లలతో ఊరు విడిచిపోయాడు.

వైశాఖంలో కురుమూర్తి మళ్ళీ వనపర్తి వచ్చాడు. మోతి కన్ను పూర్తిగా తెరుచుకుందట. పిల్లి కూడా బాగైందట. అవ్వ ఇప్పుడు వాటిని దగ్గరికి రానియ్యదట.

"ఏసమ్మ?" అని అడిగాడు దశరథం.

"అలంపూరు దిక్కు మిరప చేన్లకు కూలికి పోయిన్రంట. మొన్న సంతల మా పాలేరుకు కానొచ్చిందంట. ఎవరన్న పలకరిస్తే కొంగు నోటికి అడ్డం వెట్టుకుంటదంట. తిట్టుడు గూడ ఇడిసిపెట్టిందంట సారూ. మొగుణ్ణి గూడ తిడ్తలేదంట."