నాలుగో గది నుంచి జవాబు

కంట్రోల్ రూమ్ అనగానే పెద్దగా ఊహించుకోకండి. కిటికీ లేని గది, ఒక బల్ల, రెండు తెరలు, ఒక కాలు పొట్టిదైన కుర్చీ. మాది కోల్డ్ స్టోరేజీ. కారిడార్‌కి అటు మూడు, ఇటు మూడు, మొత్తం ఆరు చలిగదులు. పళ్ళు, కూరగాయలు, చేపలు. ఎంత కడిగినా తడి అట్టపెట్టెల వాసన పోదు. జుట్టుకి పట్టి ఇంటిదాకా వస్తుంది.

నేను ఏ కాలేజీలోనూ చదువుకోలేదు. ఫోన్లో పాఠాలు విని, పాత కంప్యూటర్ల మీద చేతులు కాల్చుకుని నేర్చుకున్నాను. అందుకే ఇక్కడ ఉద్యోగం రాగానే నన్ను మించినవాళ్ళు లేరన్నట్టు తిరిగాను. గదుల్ని కాపలా కాసే ప్రోగ్రాం నేనే రాశాను. లోపల ఎవరైనా ఇరుక్కుంటే నొక్కడానికి ప్రతి గదిలో తలుపు పక్కన ఒక బటన్ ఉంటుంది. నా ప్రోగ్రాం నిమిషానికోసారి ఒక్కో బటన్నీ పలకరించి వస్తుంది.

ఇలాంటి ప్రోగ్రాములకి ఒక మర్యాద ఉంది. పని ముగించి వెళ్ళేటప్పుడు ఒక అంకె చెప్పి పోతాయి. సున్నా అంటే అంతా సవ్యం. ఇంకేదైనా అయితే ఎక్కడో తేడా. 64 అంటే నువ్వు అడిగిన తీరే తప్పు. 67 అంటే అలాంటి మనిషే లేడు. 77 అంటే నీకా హక్కు లేదు. 75 అంటే ఇప్పుడు కుదరలేదు, కాసేపాగి మళ్ళీ రా. ఇవి నేను కల్పించినవి కావు, ఎప్పటినుంచో ఉన్నవే. సున్నా కానిది ఏదొచ్చినా నా బల్ల మీద బజర్ మోగేలా పెట్టాను.

గోడకి అంటించిన ఈ అంకెల పట్టిక చూస్తే స్వెటర్ బాబాయ్‌కి నవ్వు. ఆయన కంప్రెసర్ల మెకానిక్. మండుటెండలో కూడా ఆ ముతక స్వెటర్ విప్పడు. "నీ డబ్బాకి ఇన్ని రోగాలా అమ్మాయ్? నాకు రెండే. రెండూ మోకాళ్ళే," అనేవాడు. కంప్యూటర్లో ఆయన పేరు ఎక్కిస్తుంటే, "స్వెటర్ అనే కొట్టు. అసలు పేరు మా ఇంట్లోనే మర్చిపోయారు," అన్నాడు.

పోయిన ఏడాది ఒక ఆదివారం మధ్యాహ్నం ఆయన నాలుగో గదిలో చనిపోయాడు. లోపలి గొళ్ళెం ఊడి చేతిలోనే ఉంది. బజర్ మోగినట్టు ఎక్కడా లేదు. అంటే బటన్ నొక్కలేదు, అని రాసుకుని విచారణ ముగించారు.

ఆయన భార్య మా దగ్గరే ప్యాకింగ్‌లో చేస్తుంది. నేను పిన్ని అంటాను. ఆ పొద్దున వాళ్ళిద్దరూ గొడవపడ్డారు. "నువ్వు లేకపోతే నా బతుకు హాయిగా ఉంటుంది," అందట. ఏ ఇంట్లోనైనా అనుకునే మాటే. ఆ మాట మనసులో పెట్టుకుని, నొక్కకుండా కూర్చుండిపోయాడని ఆమె నమ్మకం. ఏడాదిగా నా దగ్గరికొచ్చి అదే అడుగుతుంది.

"అమ్మాయ్, నిజంగా నొక్కలేదా?"

"లేదు పిన్ని."

"ఒక్కసారైనా?"

నేను తల తిప్పుకుని తెర వైపు చూస్తూ ఏదో పని ఉన్నట్టు నటించేదాన్ని.

నొక్కాడు. నాకు తెలుసు.

ఇవాళ కూడా ఆదివారమే. సరుకు ఎక్కించడం, దించడం లేదు. కారిడార్ లైట్లు మనిషి కదిలితేనే వెలుగుతాయి కాబట్టి పట్టపగలే చీకటి. పిన్ని ఎక్కడో నేల కడుగుతోంది, బకెట్ ఈడ్చిన చప్పుడు వినిపిస్తోంది. మూడున్నరకి బజర్ మోగింది.

తెర మీద, నాలుగో గది. 75.

ఆ గదిని ఆయన పోయినప్పుడే మూసేశారు. చలి ఆపేశారు. ఎలక్ట్రీషియన్ నా కళ్ళముందే తీగని రెండు కొసలా కత్తిరించి, చుట్ట చుట్టి పట్టుకెళ్ళాడు. జాబితాలోంచి ఆ గదిని నేనే తీసేశాను. నాలుగో గది అనేది ఒకటుందని నా ప్రోగ్రాంకి తెలియదు.

నిమిషం తర్వాత మళ్ళీ. 75.

మళ్ళీ.

బజర్ తీగ పీకేసి, కాళ్ళీడ్చుకుంటూ వెళ్ళాను. నా నెత్తి మీద ఒక్కో లైటూ వెలిగి, వెనక ఒక్కొక్కటే ఆరిపోతోంది. నాలుగో గది తలుపు లాగాను. లోపల ఉక్కగా, మగ్గిన వాసన. ఫోన్ వెలుగు గోడ మీద వేశాను. తెగిన తీగ ముక్క అలాగే ఉంది. దాని కింద బటన్...

లోపలికి నొక్కుకుపోయి ఉంది. నేను చూస్తుండగానే, ఎవరో వేలు తీసినట్టు, మెల్లగా పైకి లేచింది.

పరుగెత్తుకొచ్చి కుర్చీలో పడ్డాను. గదిలో వాసన మారిపోయింది. తడిసిన ఉన్ని. దాంట్లో కంప్రెసర్ నూనె.

నా దగ్గర ఇంకో చిన్న ప్రోగ్రాం ఉంది. పేరు ఇస్తే ఆ మనిషి మా జాబితాలో ఉన్నాడో లేడో చెప్పి పోతుంది, అంతే. ఎందుకు చేశానో తెలీదు, 'స్వెటర్' అని కొట్టాను. ఆ పేరు తీసేసి పది నెలలు దాటింది. 67 రావాలి. అలాంటి మనిషి లేడని రావాలి.

77 వచ్చింది.

ఉన్నాడు. అడిగే హక్కు నీకు లేదు.

"ఏమైందే? మొహం అలా పాలిపోయింది?" గుమ్మంలో పిన్ని, చేతిలో తుడుపుగుడ్డ.

ఇంక ఆపుకోలేకపోయాను. "పిన్ని... బాబాయ్ నొక్కాడు."

ఆమె గుడ్డ పిండటం ఆపింది.

"నాలుగో గది తీగలో చెమ్మ చేరింది. మాటిమాటికీ 75 అనేది, బజర్ మోగేది. విసుగొచ్చి, 75 వస్తే సున్నాగా మార్చెయ్యమని ఒక వరుస రాశాను. ఆ తీగలో ఆయన నొక్కినా 75 అనే వచ్చేది, నా దాకా సున్నాగానే చేరింది. అంతా సవ్యమని."

"ఎప్పుడు రాశావు?"

"ముందు వారం."

"మళ్ళీ తీసేశావా?"

"ఆయన పోయిన రాత్రే."

కొడుతుందనుకున్నాను. కొట్టలేదు. గోడకి ఆనుకుని కింద కూర్చుంది. "నొక్కాడన్నమాట," అంది. గుడ్డ ఒళ్ళో పెట్టుకుని, "అయితే నా మాటకి కాదు," అంది. ఆ ఒక్క మాటే మూడుసార్లు అనుకుంది. తర్వాత తలెత్తి గాలి పీల్చింది.

"ఆయన వాసన కదే ఇది. నీ డబ్బాలో ఉన్నాడా?"

"తెలీదు పిన్ని."

"నా మీద కోపమా అని అడుగు."

"అది ప్రశ్నలు తీసుకోదు. పేరొక్కటే. ఇంకేం రాసినా 64 అంటుంది."

"నువ్వు అడగవే."

పేరు పక్కన ఆమె ప్రశ్న కొట్టాను. సున్నా వచ్చింది.

"అంటే?"

"ఏ తేడా లేదని."

పిన్ని కొంగుతో మొహం తుడుచుకుంది. చాలాసేపు తుడుచుకుంది. తర్వాత మామూలు గొంతుతో, "ఇప్పుడిది అడుగు. ఈ పిల్ల చెప్పిందంతా నిజమేనా అని," అంది.

కొట్టాను. ఎంటర్ నొక్కాను.

జవాబు రాలేదు. ఒక నిమిషం. రెండు... ఆ ప్రోగ్రాం రెప్పపాటులో ముగిసిపోతుంది.

"ఆలోచిస్తున్నాడు," అంది పిన్ని లేస్తూ. "ఎప్పుడూ అంతే. బయల్దేరదామా అంటే జవాబుకి ఒక పూట పట్టేది." బకెట్ తీసుకుని వెళ్ళిపోయింది. ఏడాదిలో మొదటిసారి ఆమె నడక తేలిగ్గా ఉంది.

అప్పటినుంచి అది ముగియలేదు. ఆపమని చెప్పాను. ఆగలేదు. కంప్యూటర్ ప్లగ్గు పీకి, మళ్ళీ పెట్టాను. తెర వెలగగానే అదే ప్రశ్న, దాని కింద మినుకుమంటూ కర్సర్. అసలేం చేస్తోందో వెతికి చూశాను. కీబోర్డు నుంచి ఏదో రావాలని ఎదురుచూస్తోంది. నేను రాసిన పద్దెనిమిది వరుసల ప్రోగ్రాం అది. అందులో ఎవరినీ ఏదీ అడిగే వరుస లేదు.

సరే, అడుగుతోంది కదా అని టైపు చెయ్యడం మొదలుపెట్టాను. మీరు చదువుతున్నది అదే. మొదటి మాట నుంచి ఇక్కడిదాకా, ఒక వరుస రాయడం, ఎంటర్ నొక్కడం. తీసుకుంటోంది. కర్సర్ కిందికి దిగి ఆగుతోంది. ఇంతేనా అన్నట్టు.

ఉన్ని వాసన ఇప్పుడు నా కుర్చీ వెనక నుంచి వస్తోంది. నేను తిరిగి చూడటం లేదు.

చెప్తాను. చెప్తున్నాను.

ముందు వారం కాదు పిన్ని. ఆ రోజే. ఆ మధ్యాహ్నమే. చెవుల్లో పాఠం పెట్టుకుని వింటున్నాను. అప్పుడప్పుడే అర్థమవుతోంది. బజర్ మోగింది. మళ్ళీ మోగింది. పదకొండుసార్లు మోగింది, ఆ లెక్కంతా ఆ రాత్రే చెరిపేశాను. చెమ్మే అనుకున్నాను. లేచి ఆ తలుపు దాకా వెళ్తే సరిపోయేది. లేవలేదు. కూర్చున్న చోటే, అది మోగుతుండగానే, ఆ వరుస రాశాను. గది నిశ్శబ్దమైపోయింది. పాఠం చివరిదాకా విన్నాను.

ఇంక చెప్పాల్సింది ఏమీ లేదు. ఎంటర్ మీద వేలు పెట్టాను. నొక్కితే ఏ అంకె వస్తుందో... ధైర్యం చాల్లేదు. వేలు తీసేశాను. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకున్నాను.

నేను నొక్కలేదు.

కర్సర్ కిందికి దిగింది.