తలలు అడిగిన కొండ

సాయంసంధ్య! పగలు చచ్చి, రాత్రి ఇంకా పుట్టని పాడు ఘడియ అది...

రాకీ పర్వతాల అంచున సెప్టెంబరు ఆకాశం ఫెళఫెళమని ఉరిమింది. దేవదారు కొమ్మ మీద గుడ్లగూబ వికృతంగా కూసింది. వేట గుడారంలో మంచానికి కట్టేసి ఉన్న లెనోరా కంఠంలోంచి ఒక్కసారిగా కేక లేచింది... మనిషి కేక కాదది! పోతును పిలిచే ఆడ ఎల్క్ దుప్పి అరుపు!

గుడారం బయట ఆమె భర్త ఆర్డెన్ చెవులు మూసుకున్నాడు. చేసుకున్నవాడికి చేసుకున్నంత అన్నది ఊరికే కాదు. ఆ కొండల్లో వేటగాళ్లకు ఒక నియమముంది. ఎల్క్ దుప్పి పడితే ముందు మాంసం కొండ దించాలి, తల ఆఖరున దించాలి. మాంసాన్ని కుళ్లబెట్టి తలను మోసుకొచ్చేవాడికి అక్కడ ఎవరూ కాఫీ కూడా పొయ్యరు. కానీ శిబిరం యజమాని మెర్ల్ గాంట్ కొమ్ముల మోజుతో పదకొండేళ్లుగా తలలే దించాడు. వాటిని కంచరగాడిదల మీద మోసుకొచ్చింది ఆర్డెనే!

అంతటితో ఆగాడా? బుద్ధి గడ్డి తిని, అలాంటి ఒక తలలోని రెండు దంతాలను గాంట్ దగ్గర అడిగి పుచ్చుకున్నాడు. అక్కడి ఆచారం ప్రకారం పెళ్లానికి చెవిపోగులు చేయించాడు. గాంట్ వాటి మీద క్షుద్రమంత్రం వేసి ఇచ్చాడని పాపం అప్పటికి అతనికి తెలియదు! ఆనాటి నుంచి సంధ్యవేళ లెనోరా ప్రాణం దేహాన్ని వీడి, మందను నడిపే ఆడ ఎల్క్‌లో దూరుతోంది. మదించిన పోతు దాని వెంటే వచ్చి గాంట్ తుపాకీకి బలి అవుతోంది. పోగులు పీకబోతే నెత్తురు తప్ప ఏమీ ఊడి రావడం లేదు. ఆమె పారిపోకుండా గాంటే మంచానికి కట్టేశాడు.

"ఈ ఒక్క తలేరా ఆర్డెన్! ఆ తర్వాత నీ పెళ్లాన్ని నీకిచ్చేస్తా" అన్నాడు గాంట్.

"పోయిన వారమూ ఇదే కూత కూశావు పెద్దాయనా."

"అయితే ఈ వారమూ విను! నీకన్నా నీ గాడిదలకి ఓపికెక్కువ!"

గాంట్ వికటంగా నవ్వి, గుడారం ముందు బండ మీదున్న ఎల్క్ కపాలానికి రక్తం పూశాడు. తాను చంపిన పోతుల ఆత్మలన్నిటినీ అందులోనే బంధించాడా పాపాత్ముడు! కపాలపు కళ్లగుంటలు నిప్పుకణికల్లా ఎర్రబడ్డాయి. ఎదురుగా గట్టు మీద ఆడ ఎల్క్ ప్రత్యక్షమైంది... దాని వెనుక మహాకాయమైన పోతు!

గాంట్ తుపాకీ ఎత్తాడు. ఆడ ఎల్క్ మాత్రం కదలకుండా పోతుకు అడ్డంగా నిలబడింది.

"అడ్డమొచ్చిందే దరిద్రం! పోతే పోనీ, దాంట్లోంచే కొట్టేస్తా!"

"వద్దు! అందులో ఉన్నది నా పెళ్లాం!"

"పెళ్లాలు బోలెడుమంది దొరుకుతార్రా. అలాంటి కొమ్ములు దొరకవు!"

ఆర్డెన్ నరాల్లో పదకొండేళ్ల పిరికితనం భగ్గున మండి బూడిదైంది. గొడ్డలి అందుకుని కపాలాన్ని ఒక్క వేటుకు బద్దలు కొట్టాడు.

"రండి! వచ్చి మీ తలలు అడగండి!"

భూమి దద్దరిల్లింది. చెట్ల చాటునుంచి పోతులు వచ్చాయి... పదులకొద్దీ... ఒక్కదానికీ తల లేదు! తెగిన మెడల్లోంచి భీకరమైన రంకెలు! గాంట్ పిచ్చివాడిలా కాల్చాడు. గుళ్లు పొగలోంచి పోయినట్టు పోయాయి.

"ఆర్డెన్! కాపాడరా!"

గిట్టలు అతడి మీదుగా పిడుగుల్లా సాగిపోయాయి. ధూళి అణిగాక చూస్తే గాంట్ మొండెం చెక్కుచెదరకుండా పడుంది. తల మాత్రం లేదు! మాంసాన్ని అక్కడే వదిలేసి అవి వెళ్లిపోయాయి.

ఆర్డెన్ గుడారంలోకి పరుగెత్తి కట్లు విప్పాడు. లెనోరా కళ్లు తెరిచింది. మనిషి కళ్లే!

"వాడు చచ్చాడే లెనోరా! పద, ఇంటికి పోదాం!"

ఆమె లేచి కూర్చుంది.

"గట్టు మీంచి నాకన్నీ కనపడేవి ఆర్డెన్. వాడు గురిపెట్టిన ప్రతిసారీ, పక్కన గాడిదల తాళ్లు పట్టుకుని నువ్వున్నావు."

"ఇవాళ అడ్డుపడ్డాను కదే..."

"ఇవాళ గురి నా మీద. నిన్నటిదాకా పడ్డవాటికి ఎవరడ్డుపడ్డారు?"

అతని చెయ్యి విదిలించుకుని, అప్పుడే మొదలైన వానలో ఒక్కతే కొండ దిగిపోయింది.