తొట్టి కింద పొడి ఇసక

2025 నవంబరు 9, ఆదివారం. తుఫాను వెళ్ళిపోయినా ఉప్పలగుప్తంలో ఎండ పొడ లేదు. ఉక్కపోత. కొబ్బరి మట్ట కదలడం లేదు.

గంగబాబు కువైట్‌లో ఉండగా తల్లి స్థలంలో కట్టించిన ఇల్లు అది. అక్కడ ఏ షేకుగారింట్లో చూశాడో ఏమో, స్నానాల గదిలో గోడకి ఆనించి తొట్టి పెట్టించి, చుట్టూ ఇటుక కట్టించి, టైల్సు వేయించాడు. అడుగడుక్కీ కాలవ ఉన్న ఊళ్ళో మనిషి పడుకుని స్నానం చెయ్యడమేమిటని అందరూ నవ్వేరు. ఒక్కనాడూ ఎవరూ అందులో దిగలేదు. చివరికి దిగింది తల్లి అచ్చాయమ్మే, అదీ చచ్చిపోయాక.

తుఫాను రోజునే పోయిందావిడ. వాకిట్లో మోకాల్లోతు నీళ్ళు. శవానికి పోసిన నీళ్ళు ఇంట్లో నిలవకూడదు, గడప దాటి పారిపోవాలి.

"తొట్లో పొయ్యండి. పైపులోంచి బయటికేగా పోతాయి," అన్నాడు గంగబాబు.

పోశారు. ఆ గొడవలో తొట్టి బిరడా తియ్యడం మరిచిపోయారు. మూడోనాడు చూస్తే బిరడా బిగించినట్టే ఉంది. నీళ్ళు లేవు.

లీకన్నాడు గంగబాబు. పెద్దకార్యం కాగానే ప్లంబరు దేవదానాన్ని పిలిచాడు. దేవదానం తొట్టి నిండా పసుపు కలిపిన నీళ్ళు పట్టి, పక్కన టైలూ ఇటుకా పగలగొట్టి, కన్నంలో చెయ్యి పెట్టి చూశాడు.

"లీకుంటే చేతికి పచ్చగా అంటాలండి. ఇసక పొడిగా ఉందండీ బాబూ!"

పైన నీటిమట్టం మాత్రం దిగిపోతోంది. పెద్ద టార్చి తెస్తానని వెళ్ళాడతను.

అన్నాచెల్లెళ్ళే మిగిలారు. చెల్లెలు బేబీ, మొగుడు పోయిన దగ్గర్నుంచీ తల్లికి చాకిరీ చేసిన మనిషి. ఇల్లు బేబీదీ, కొబ్బరితోట మనవడిదీ అని తల్లి నలుగురి ముందూ చెప్పింది.

"రేపు సామాను సర్దుకోవే. మీ వదిన వస్తోంది."

"అమ్మ ఇల్లు నాకిస్తానంది కదన్నయ్యా. ఎక్కడికి పోను?"

"మందుల మత్తులో ఉన్న మనిషి మాట! నీ మొగుడు కట్టేడేంటే?"

అచ్చాయమ్మకి కిడ్నీలు చెడ్డాయి. నీళ్ళు కొలిచి ఇమ్మన్నారు డాక్టరుగారు. గంగబాబు ఆ కొలతలోనూ సగమే ఇవ్వనిచ్చేవాడు. ఆవిడ మంచం పక్క గోడమీది చెమ్మ నాకేది. ఎంత ఏడ్చినా అతనిది ఒకటే మాట. డాక్టరుగారు వద్దన్నారు.

గుటక్...

ఇద్దరూ ఆగారు. తొట్టి కిందనుంచి.

గుటక్... పసుపునీళ్ళు బెత్తెడు దిగాయి. కుంకుడుపులుసు వాసన వేసింది. శవానికి తలంటిన కుంకుడు.

"కప్పయి ఉంటుంది," అంటూ గంగబాబు కన్నంలోకి భుజం దాకా చెయ్యి దూర్చాడు.

తొట్టి ఖాళీ అయింది. గుటకలు ఆగలేదు.

"బేబీ... పట్టుకుంది..."

అతని మొహం పీక్కుపోతోంది. పెదవులు పగిలాయి. కళ్ళు లోపలికి... ఇంకా లోపలికి...

కిందనుంచి సన్నగా, ఎండిన గొంతు. "బాబూ... ఇంకో గుక్క..."

"కుళాయి తిప్పవే! దానికి నీళ్ళు పొయ్యవే... నీ కాళ్ళు పట్టుకుంటా..."

కుళాయి బేబీ పక్కనే ఉంది. దానిమీద చెయ్యి వేసింది కూడా. సామాను సర్దుకోవే అన్న మాట ఇంకా చెవిలోనే ఉంది. చెయ్యి తీసేసింది.

"డాక్టరుగారు వద్దన్నారు కదన్నయ్యా," అంది.

గుమ్మం దాటి, తలుపు దగ్గరగా వేసింది.

దేవదానం తిరిగొచ్చి లాగితే మనిషి కురిడీ కొబ్బరికాయలా తేలిగ్గా వచ్చేశాడు. కదిపితే లోపల ఏదో గలగలమంది.

అచ్చాయమ్మ మాట ప్రకారమే కొబ్బరితోట గంగబాబు కొడుకు వినయ్‌కి వెళ్ళింది. గంగబాబు భార్య పద్మశ్రీకి ఏమీ రాలేదు, మొగుడి ఉంగరమైనా. ఎండిన వేలినుంచి ఎప్పుడు జారిందో, కన్నంలో ఎంత వెదికినా దొరకలేదు.

ఇల్లు బేబీకే వచ్చింది. ఆవిడ అందులోనే ఉంటోంది. పొద్దున్నే తొట్టి నింపి తలుపు వేసేస్తుంది. మొదట్లో రోజుకి ఒక్కసారి నింపితే సరిపోయేది.