గూళూరు చెరువులో తెల్లపట్ట

...లేకపోతే తప్పు తన కంటిదేనేమో. సుప్రీత నవ్వు ఇవాళ కాస్త ఆలస్యంగా వచ్చిందనిపించడం, చేతిసంచి భుజం మారిందనిపించడం, ఇవన్నీ అనుమానించడమే ఉద్యోగమైనవాడి కళ్ళు చేసే మోసమేమో. చింతామణిలో పరిచయమైన నాటి నుంచి ఆమె మీద కలిగిన ప్రతి అనుమానాన్నీ మురళీధర ఇలాగే దిద్దుకుంటూ వచ్చాడు.

ఎదురుగా, ఎండిన గూళూరు చెరువులో, పెద్ద తెల్లపట్ట. కొత్త జిల్లా చిక్కబళ్ళాపుర నుంచి వచ్చిన వ్యవసాయాధికారి వేషంలో అతను దానికి కాపలా.

బెంగళూరులో చీఫ్ బ్రీఫింగ్ క్లుప్తంగా ముగిసింది.

"ఉపగ్రహం కెమెరాలో సెన్సర్ దెబ్బతింది. సరిహద్దు ఫోటోల నిండా గీతలు. శుక్రవారం అది గూళూరు మీదుగా పోతుంది. చెరువులో తెల్లపట్ట పరిచి, మనకు తెలిసిన తెలుపును చూపిస్తే దాని తప్పెంతో తేలుతుంది. ఆ లెక్కతో ఫోటోలన్నీ దిద్దుతాం. శత్రు ముఠాలో మన మనిషి సుప్రీత నీకు తోడు. ద్రోహి దొరికితే బూట్లు విప్పు. పట్టుకోమని గురప్పకు అదే సిగ్నల్."

గురప్ప టెంపో డ్రైవరు వేషంలో చెరువుగట్టు మీద బీడీ కాలుస్తున్నాడు.

మురళీధర కళ్ళజోడు సర్దుకుంటున్నట్టు ఫ్రేము మీది బటన్ నొక్కాడు. ఇన్‌ఫ్రారెడ్.

పట్ట బొగ్గులా కనబడింది.

కంటికి తెలుపు, కెమెరాకు నలుపు. ఏదో పూత. ఈ అబద్ధంతో లెక్క కడితే సరిహద్దు అవతల దాచిన క్షిపణులు కూడా సెన్సర్ లోపాలుగా చెరిగిపోతాయి. ఇవాళే శుక్రవారం. ఇవాళ పట్ట పరిచింది సుప్రీత ఒక్కతే.

కళ్ళజోడు పాడయిందేమో! ఆశగా తన అరచెయ్యి చూసుకున్నాడు. అది తెల్లగానే కనబడింది. కళ్ళజోడు బాగానే ఉంది.

"చూసేసినావా?" సుప్రీత గొంతు మెత్తగా ఉంది. ఆమె చెయ్యి సంచిలో ఉంది. సంచి మూతి అతని వైపు ఉంది. "కదలొద్దు మురళీ. పైన ఉపగ్రహం దాటిపోతానే నేనూ ఎళ్ళిపోతాను. ఇన్నాళ్ళూ నీకు నామీద అనుమానమే రాలేదా?"

"రోజూ వచ్చేది."

"మరి?"

"నా కన్నే మంచిది కాదనుకున్నా."

"ఏమప్పా సారూ!" నెత్తిన రాగుల మూటతో హనుమక్క. పట్ట మీద రాగులు ఆరబోసుకుంటానని వారంగా రోజూ అడుగుతోంది, అతను రోజూ తరుముతున్నాడు. వెనక మూటలతో ఇంకా నలుగురు ఆడవాళ్ళు. "ఇంత బాగుండే పట్టను ఊరికే ఎండబెట్టుకోని కూచుండావే! ఈ పొద్దన్నా పోసుకోనిస్తావా?"

మురళీధర సంచి వైపు చూడలేదు.

"పోసుకోమ్మా. అందరూ పోసుకోండి."

"వద్దు! అది సర్కారుది!" సుప్రీత అరిచింది.

"సర్కారే పోసుకోమంటాంటే నడమ నువ్వెవురమ్మా?"

మూటలు విప్పారు. రాగులు జలజలా పారి తెలుపును కప్పేశాయి. ఇక ఏ కంప్యూటరూ ఈ లెక్కను నమ్మదు. అంతమంది మధ్య సంచిలోని తుపాకీ పేలలేదు. సుప్రీత గట్టు కింద నిలిపిన తన కారు వైపు నడిచింది. ఒక్కసారి వెనక్కి చూసింది. ఆ చూపును కూడా తన కంటి తప్పేనని దిద్దుకోవచ్చు. ఆమెను వదిలేయవచ్చు.

గట్టు మీద గురప్ప ఇంకా బీడీ కాలుస్తూనే ఉన్నాడు.

"నిలబడి చూస్తే ఆరతాయా సారూ? కాలుతో తిప్పప్పా," అంది హనుమక్క. "బూట్లిడిసి! తినే గింజ అది."

మురళీధర వంగి లేసులు లాగి బూట్లు విప్పాడు. గురప్ప బీడీ పారేసి కారుకు అడ్డంగా పరుగెత్తాడు.

ఫోటోల్లో గీతలు చెరపడానికి వచ్చినవాడు ఒట్టి కాళ్ళతో రాగుల్లో గీతలు గీయసాగాడు.