టాలట్ పెరట్లో తెగిన బూట్లు

ఫుట్‌బాల్ బూట్లు రెండూ పెరటి బల్ల మీద ఉన్నాయి.

తెల్లవి. కొత్తవి. కుడి బూటు మడమ నుంచి వేళ్ళ దాకా చీలిపోయింది. ఎడమదాని పైతోలు ముక్కలు ముక్కలుగా వేలాడుతోంది. అడుగున స్టడ్స్ మధ్య నిన్నటి గడ్డి ఇంకా అంటుకునే ఉంది.

వసుంధర మాస్కు సరిచేసుకుని గ్లవ్స్ తొడుక్కుంది.

"ముందు ఎవరు చూశారు?"

"నేనే ఆంటీ," అంది సుధేష్ణ. ఏడ్చి ఏడ్చి ఆమె కళ్ళు వాచిపోయాయి. "పొద్దున స్ట్రెచింగ్ చేద్దామని కిందికొచ్చాను. బ్యాక్ డోర్ దగ్గర ఇలా పడున్నాయి."

బల్ల మీదున్న ఫోను స్పీకర్‌లోంచి ఒక మగ గొంతు అరిచింది.

"గార్డ్స్‌ని పిలవరా రాజూ! అది నా కూతురి కెరీర్! నీకు పిల్లల ఆటలా కనిపిస్తోందా?"

న్యూజెర్సీ నుంచి సుధేష్ణ తండ్రి కృష్ణప్రసాద్. గార్డ్స్ అంటే ఐర్లండ్ పోలీసులు. అక్కడింకా తెల్లవారుతోంది.

"పిలుస్తానన్నయ్యా. ఒక్క గంట టైమివ్వు," అని రాజగోపాల్ ఫోను కట్టేశాడు. తర్వాత వసుంధర వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "చేసిందెవరో నాకు తెలుసండీ. గార్డ్స్ దాకా వెళ్తే పరువు పోతుంది. మీరు పోలీసు మనిషి. మీరు అడిగితే ఒప్పుకుంటుంది."

వసుంధర ఒకప్పుడు విశాఖపట్నంలో సబ్ ఇన్‌స్పెక్టర్. ఇప్పుడు డబ్లిన్‌లో ఒక బీమా కంపెనీకి క్లెయిమ్స్ ఇన్వెస్టిగేటర్. దొంగ క్లెయిములు పట్టుకోవడం ఆమె పని. కోవిడ్ వచ్చాక ఆ పని కూడా ఇంట్లోంచే నడుస్తోంది. ఊరి శివార్లలో టాలట్‌లో, రాజగోపాల్ ఇంటికి రెండిళ్ళ అవతలే ఉంటుంది.

"ఎవరు చేశారంటారు?"

రాజగోపాల్ చెయ్యెత్తి చూపించాడు.

షెడ్డు గోడకు ఆనుకుని అతని కూతురు శ్రావ్య నిలబడి ఉంది. పద్దెనిమిదేళ్ళు. చేతులు కట్టుకుని, ఇళ్ళ పైకప్పుల వెనక కనిపిస్తున్న డబ్లిన్ కొండల్ని చూస్తోంది.

"ఎందుకు చేశావే?" అన్నాడు రాజగోపాల్. "అది నీకేం అన్యాయం చేసింది?"

శ్రావ్య పలకలేదు.

"మీరు కాసేపు ఆగండి," అంది వసుంధర. "మొదటి నుంచీ చెప్పండి."

అతను చెప్పాడు.

2020 సెప్టెంబరు. సుధేష్ణకు ఇరవై మూడేళ్ళు. అమెరికా మహిళల ఫుట్‌బాల్ లీగ్‌లో ఫార్వర్డ్, గోల్స్ కొట్టే ఆటగత్తె. కోవిడ్ దెబ్బకు అక్కడ సీజన్ కుదేలైంది. ఆటగత్తెలు ఒకరి తర్వాత ఒకరు యూరప్ దారి పట్టారు. సుధేష్ణకు కూడా ఇంగ్లండ్ అగ్రశ్రేణి లీగ్‌లో ఒక క్లబ్బు కాంట్రాక్టు ఇచ్చింది. తిన్నగా అక్కడికి వెళితే ఒంటరిగా హోటల్ గదిలో క్వారంటైన్. అందుకని ముందు డబ్లిన్‌లో బాబాయి ఇంటికి వచ్చింది. రెండు వారాలు ఇక్కడే ఉండి, రేపు ఇంగ్లండ్ విమానం ఎక్కాలి.

"ఆ అమ్మాయి వచ్చినప్పటి నుంచి ఇంట్లోంచి ఎవరూ కదల్లేదండీ. సరుకులు కూడా గుమ్మంలో పెట్టి పోతున్నారు."

"పక్క గేటు?"

"లోపల గడియ. నిన్నా ఉంది, ఇవాళా ఉంది."

వసుంధర వెళ్ళి చూసింది. గడియ తుప్పు పట్టి బిగుసుకుపోయి ఉంది. కదిలించిన గుర్తు లేదు.

బయటివాళ్ళు కాదు. ఇంట్లో ఉన్నది నలుగురు. రాజగోపాల్, అతని భార్య సరోజ, ఇద్దరమ్మాయిలు.

"కత్తెర దొరికిందా?"

"దొరికింది. వంటింటి కత్తెర. శ్రావ్య గదిలో, ప్రెస్‌లో, దాని జెర్సీల కింద." రాజగోపాల్ మళ్ళీ శ్రావ్య వైపు చూశాడు. "ఇంకేం సాక్ష్యం కావాలండీ?"

ప్రెస్ అంటే అక్కడివాళ్ళ మాటలో అలమారా.

వసుంధర సుధేష్ణను కుర్చీలో కూర్చోమంది. తను రెండు మీటర్ల దూరంలో నిలబడింది.

"నిన్న ఈ బూట్లు వేసుకున్నావా?"

"ఈవెనింగ్ వేసుకున్నాను. షూటింగ్ ప్రాక్టీస్. శ్రావ్య బాల్ ఇస్తుంటే నేను కొట్టాను."

"ఆట అయ్యాక?"

"బ్యాక్ డోర్ దగ్గర విప్పేశాను. బురదగా ఉన్నాయి కదా."

"తర్వాత మళ్ళీ ముట్టుకున్నావా?"

"లేదు. స్నానం, డిన్నర్, నిద్ర. పొద్దున చూస్తే ఇలా."

"క్లబ్బువాళ్ళకు చెప్పావా?"

"కోచ్‌కి రోజూ ప్రాక్టీస్ వీడియో పంపుతాను. ఇవాళ ఈ ఫొటో పంపాను. మా కజిన్ చేసిందని చెప్పాను." సుధేష్ణ తల దించుకుంది. "చెప్పకపోతే ఎలా ఆంటీ? రేపు కొత్త బూట్లు లేకుండా వెళ్తాను కదా."

తర్వాత శ్రావ్య. ఆ పిల్లకు తెలుగు బాగా అర్థమవుతుంది. జవాబు మాత్రం టాలట్ యాసలో, ఇంగ్లీషులో వస్తుంది.

"మీ అక్కంటే నీకు ఈర్ష్యా?"

"ఆఫ్ కోర్స్ ఐ'మ్ జెలస్."

దాచుకోలేదు. పొడిపొడి ముక్కల్లో చెప్పుకుపోయింది. సుధేష్ణ ఆడుతుంటే నాన్న ఫోనులో వీడియో తీస్తాడు. ఆఫీసులో అందరికీ పంపిస్తాడు. శ్రావ్య ఇక్కడి క్లబ్బుకు ఆరేళ్ళుగా ఆడుతోంది. నాన్న ఒక్క మ్యాచికీ రాలేదు. తన గది సుధేష్ణకిచ్చి, తను మెట్ల పక్కన ఇరుకైన బాక్స్ రూమ్‌లో పడుకుంటోంది. శుక్రవారం భోజనాల దగ్గర, ఈవిడ రాకపోతే బాగుండేదని అరిచింది కూడా.

"బూట్లు కోశావా?"

శ్రావ్య ఆమె వైపు మొదటిసారి సూటిగా చూసింది.

"నో."

వసుంధర వంటింటి కిటికీ దగ్గరికి నడిచింది. లోపల సరోజ సింక్ ముందు నిలబడి ఉంది. నీళ్ళు వృథాగా పోతున్నాయి. గిన్నె తోమడం లేదు.

"సరోజా, నిన్న సాయంత్రం ఇక్కడే ఉన్నావా?"

"ఇక్కడే వసుంధర గారూ. చపాతీలు చేస్తున్నాను."

"సుధేష్ణను చూశావా?"

"ఆ గుమ్మంలోనే కూర్చుని బూట్లు మార్చుకుంది. పాతవాటిలోంచి మెత్తలు తీసి కొత్తవాటిలో పెట్టుకుంది. ఇన్‌సోల్స్ అంటారుగా, అవి. దానికి మడమ నొప్పండీ. డాక్టరు పాదం అచ్చు తీసి చేయించాడట. అవి లేకుండా పట్టుమని పది నిమిషాలు పరిగెత్తలేదు, పాపం." సరోజ కుళాయి కట్టేసింది. "నా కూతురు అంత పని చేస్తుందా? మీకు నమ్మకంగా ఉందా?"

వసుంధర వెనక్కి తిరిగింది. బల్ల దగ్గరికి వచ్చి చీలిన బూట్లను వేళ్ళతో విప్పి చూసింది. లోపల ఖాళీ. అట్ట లాంటి అడుగు బయటపడి ఉంది. దాని మీద కత్తెర మొన గీతలు తెల్లగా కనిపిస్తున్నాయి.

ఆమె నడుం నిటారుగా చేసింది.

"నాకు ఫుట్‌బాల్ తెలీదు. ఒకసారి మీ ఇద్దరూ ఆడి చూపించండి."

రాజగోపాల్ ఆశ్చర్యపోయాడు. "ఇప్పుడా?"

"ఇప్పుడే. సుధేష్ణా, పాత బూట్లున్నాయా?"

"పైన సూట్‌కేసులో ఉన్నాయి ఆంటీ."

వేసుకుని వచ్చింది. నల్లవి. బాగా వాడి, పాదానికి తగ్గట్టు వంగినవి.

ఆట మొదలైంది. చిన్న పెరడు. ఒక కొసన శ్రావ్య, ఇంకో కొసన గోడకు కట్టిన వల. సుధేష్ణ కుడికి పరిగెత్తింది, ఎడమకు పరిగెత్తింది, వెనక్కి తిరిగి దూసుకొచ్చింది. ప్రతిసారీ బంతి ఆమె కాలి ముందుకే వచ్చింది. సుధేష్ణ గట్టిగా కొట్టింది. కొన్ని వలలో పడ్డాయి. కొన్ని గోడకు తగిలాయి. శ్రావ్య మాత్రం చూడకుండానే ఇస్తున్నట్టు ఇచ్చింది. ఒక్కటీ తప్పలేదు.

రాజగోపాల్ చూపు సుధేష్ణ మీదే ఉంది.

వసుంధర చాలాసేపు ఆడనిచ్చింది. సుధేష్ణ చెమటతో తడిసిపోయింది.

"చాలమ్మా. మడమ నొప్పిగా ఉందా?"

"లేదాంటీ. ఐ'మ్ ఫైన్."

"సంతోషం. సరోజా, నువ్వు కూడా బయటికి రా."

నలుగురూ పెరట్లో దూరం దూరంగా నిలబడ్డారు. సన్నగా జల్లు మొదలైంది. ఎవరూ లోపలికి కదల్లేదు.

"రాజగోపాల్ గారూ, కత్తెర శ్రావ్య గదిలో దొరికిందన్నారు. రెండు వారాలుగా ఆ గదిలో పడుకుంటున్నది ఎవరు?"

రాజగోపాల్ సుధేష్ణ వైపు చూశాడు.

"వంటింటి సొరుగు బ్యాక్ డోర్ పక్కనే ఉంది. శ్రావ్య కోసి ఉంటే కత్తెర అక్కడే పడేసి పోవచ్చు. అక్క పడుకున్న గదిలోకి మేడెక్కి వెళ్ళి దాచాలా? అది కూడా తన జెర్సీల కిందే?"

"కానీ..." అన్నాడు రాజగోపాల్.

"అది అనుమానం మాత్రమే. అసలు సంగతి వేరే ఉంది. సుధేష్ణా, ఒక బూటు విప్పు."

సుధేష్ణ కదల్లేదు.

"విప్పమ్మా."

విప్పింది. వసుంధర లోపల చెయ్యి పెట్టి నీలంరంగు ఇన్‌సోల్‌ను బయటికి తీసింది.

"నిన్న సాయంత్రం ఇది కొత్త బూటులోకి వెళ్ళడం మీ పిన్ని చూసింది. ఆట అయ్యాక కొత్త బూట్లు ముట్టుకోలేదని నువ్వన్నావు. మరి ఇది పాత బూట్లోకి ఎలా వచ్చింది?"

"రాత్రి... మార్చానేమో. గుర్తు లేదు."

"ఇందాక గుర్తుందిగా. స్నానం, డిన్నర్, నిద్ర అన్నావు. చూడు, కత్తెర గీతలు బూటు అట్ట మీద పడ్డాయి. అంటే కోసేసరికి ఇన్‌సోల్ లేదు. ఎవరో ముందు వాటిని జాగ్రత్తగా తీసి, ఆ తర్వాత కోశారు."

వసుంధర ఇన్‌సోల్‌ను బల్ల మీద పెట్టింది.

"నా ఉద్యోగంలో ఇలాంటివి చాలా చూశాను. పగవాడు ఇల్లు తగలబెడితే అన్నీ కాలిపోతాయి. ఇంటివాడే తగలబెట్టుకుంటే పెళ్ళి ఫొటోలు ముందే బయటికి వస్తాయి. నీ మీద కోపంతో కోసేవాళ్ళకు నీ మడమ నొప్పి మీద జాలెందుకు?"

సుధేష్ణ తడి గడ్డిలో ఒంటికాలి బూటుతో కూలబడింది.

"నువ్వా?" అన్నాడు రాజగోపాల్. "నీ బూట్లు నువ్వే..."

"ఎందుకో ఆమే చెబుతుంది," అంది వసుంధర. "సుధేష్ణా, నువ్వు రోజూ కోచ్‌కి ప్రాక్టీస్ వీడియో పంపుతానన్నావు. అందులో శ్రావ్య కూడా ఉంటుంది. ఆట తెలియని నా కళ్ళకే ఆ పిల్ల కనిపించింది. మీ కోచ్‌కి కనిపించకుండా ఉంటుందా?"

సుధేష్ణ ఫోను తీసి కోచ్ పంపిన వాయిస్ మెసేజ్ వినిపించింది. అది నిన్న మధ్యాహ్నం వచ్చింది. కోచ్ గొంతు హుషారుగా ఉంది. నీ ఆట బాగుంది అంది. తర్వాత, నీకు బంతి అందిస్తున్న ఆ అమ్మాయెవరు, ఇలాంటి పాస్ చూసి చాలాకాలమైంది, నాకు ఫోన్ చేయమను, వచ్చే నెల ట్రయల్‌కి పిలుస్తాను అంది.

శ్రావ్య చేతులు జారి పక్కకు పడ్డాయి.

"నాకు ఐదేళ్ళప్పటి నుంచి ఇదే లైఫ్ ఆంటీ," అంది సుధేష్ణ. "ప్రైవేట్ కోచ్‌లు. సమ్మర్ క్యాంపులు. డాడీ ప్రతి వీకెండ్ డ్రైవ్ చేశారు. ఒక్క బర్త్‌డే పార్టీకి వెళ్ళలేదు. తను పక్క పార్కులో ఆడింది. అంతే! అయినా బాల్ తన మాట వింటుంది. నా మాట వినదు. రోజూ చూశాను. ఇక్కడే, నా కళ్ళ ముందు. నేను ఇంత కష్టపడి వెళ్తున్న చోటికి తను ఊరికే వచ్చేస్తే..."

మాట ఆగిపోయింది.

"అక్క బూట్లు కోసే పిల్లని కోచ్ పిలవదనుకున్నావు," అంది వసుంధర.

సుధేష్ణ తలూపింది.

"కోచ్‌కి ఫోన్ చెయ్యి. ఇప్పుడే. అందరూ వినేలా."

చేసింది. ఏడుస్తూనే మొత్తం చెప్పింది.  కాంట్రాక్టు కాంట్రాక్టే, రేపు రా, కానీ మొదటి మ్యాచుల్లో నువ్వుండవు, ముందు మనం కూర్చుని మాట్లాడాలి అంది కోచ్. ఆ తర్వాత, ఆ అమ్మాయికి ఫోనివ్వు అంది.

శ్రావ్య ఫోను తీసుకుని షెడ్డు వెనక్కి వెళ్ళింది.

మర్నాడు పొద్దున టాక్సీ వచ్చింది. సరోజ ఒక్కతే సూట్‌కేసు గుమ్మం దాకా తెచ్చి పెట్టింది. సుధేష్ణ మెట్ల వైపు చాలాసేపు చూసింది. పై నుంచి ఎవరూ దిగలేదు. ఆమె వెళ్ళిపోయింది.

టాక్సీ మలుపు తిరిగాక రాజగోపాల్ మేడెక్కాడు. శ్రావ్య తన గదిలో మంచం మీద దుప్పటి మారుస్తోంది. అతను గుమ్మంలోనే నిలబడ్డాడు.

"ట్రయల్‌కి నేనే తీసుకెళ్తాను," అన్నాడు. "లీవ్ పెడతాను."

శ్రావ్య దుప్పటి అంచు పరుపు కిందికి దోపింది.

"నాకు తెలీదు కదమ్మా. నువ్వైనా ఒక్కసారి చెప్పొచ్చుగా, నేను చేయలేదు నాన్నా అని?"

శ్రావ్య ఆగింది. తర్వాత తెలుగులో, ఒక్కొక్క మాట వెతుక్కుంటూ అంది.

"ఎందుకు చేశావు అన్నారు. చేశావా అని... మీరు అడగలేదు నాన్నా."