బయటికి వెళ్ళని ఒకరు

ఆ హైస్కూల్ లైబ్రరీలో చివరి వరస, కిటికీ పక్క కుర్చీ — దానికి మంచి పేరు లేదు.

ఎత్తు వీపున్న పాత కర్ర కుర్చీ. ముఖం కిటికీ వైపు, వీపు గది వైపు. పెద్ద మేడం కుర్చీ అంటారు. ఆవిడ వయసులో ఉండగా ఆ లైబ్రరీ తాళాలు అందుకుని, జుట్టు నెరిసేదాకా నడిపింది. తలుపు కిర్రుమంటే చాలు, తలెత్తి "మెల్లిగా..." అనేది. ఆ ఒక్క మాటకి అల్లరి మూకలు కూడా పిల్లుల్లా నడిచేవట. ఒక వసంతంలో, ఎప్పటిలాగే పొద్దున వచ్చింది. సాయంత్రం ఆ కుర్చీలోనే, పుస్తకం ఒళ్ళో ఉండగానే కన్ను మూసింది.

మోసుకెళ్ళారు. కానీ... ఆవిడ వెళ్ళలేదు.

ఆ బళ్ళో అందరూ ఈ మాటే చెబుతారు. నేను విన్నదీ ఇదే.

అప్పట్నుంచీ ఆ కుర్చీలో ఎవరూ కూర్చోరు. కూర్చుంటే పరీక్షలో సున్నా ఖాయమని పిల్లల నమ్మకం. టీచర్లు నవ్వేవారు. నవ్వి, వేరే కుర్చీ లాక్కునేవారు.

ఆ లైబ్రరీ చూసుకోడానికి కొత్తగా వచ్చినవాణ్ణి అందరూ లెక్కలబాబు అనేవారు. దేన్ని చూసినా లెక్కపెట్టే రకం. భోజనం దగ్గర కూడా ఎన్ని ముద్దలకి కడుపు నిండిందో చెప్పగలడని స్టాఫ్ రూమ్‌లో జోకు.

అతను వచ్చిన కొత్తలోనే హెడ్మాస్టర్ ఆ లైబ్రరీ చివరిదాకా నడిచి చూసి తేల్చి చెప్పాడు.

"ఏమయ్యా, ఇక్కడ దుమ్ము తప్ప ఎవరూ చదువుతున్నట్టు లేదు. పాత బెంచీలు వరండాలో తడిసి పాడవుతున్నాయి. ఈ వసంతం అయ్యేలోపు రోజుకి వందమందిని చూపించు. లేదా తాళాలివ్వు, బెంచీలు పెట్టిస్తాను."

"చూపిస్తాను సార్."

"నోటిమాట కాదు. స్కూల్ కమిటీకి లెక్క కావాలి."

లెక్క అనగానే మనవాడికి ప్రాణం లేచొచ్చింది. ముందు తలుపుకి బ్యాటరీతో నడిచే ఒక యంత్రం తెచ్చి బిగించాడు. ద్వారబంధానికి రెండు చిన్న కళ్ళు, బయట గోడ మీద ఒక తెర. తెర మీద ఎర్ర అంకెలు — లోపలికి ఎందరు, బయటికి ఎందరు. మీట నొక్కితే రెండూ సున్నా అవుతాయి.

ఇక చూడండి, నోటీసు బోర్డు మీద వారానికో వసంత విశేషం. సోమవారం చిరిగిన పుస్తకాలకి కుట్లు. బుధవారం బుక్‌మార్కుల పోటీ. శుక్రవారం సాయంత్రం పైకి చదివే సభ, తల్లిదండ్రులు కూడా రావచ్చు. వెనక గోడ నిండా అట్టతో ఒక చెట్టు చేసి నిలబెట్టాడు. పుస్తకం చదివినవాళ్ళు పచ్చ కాగితం ఆకు మీద దాని పేరు రాసి కొమ్మకి అతికించాలి. బయట చెట్లు చిగురించేసరికి లోపలి చెట్టుకీ ఆకులు నిండాయి.

జనం వచ్చారు. వందా వచ్చింది, వంద దాటింది. లెక్కలబాబు మాత్రం చచ్చి సున్నమయ్యాడు. బోర్డు రాసేదీ, బంక కలిపేదీ, కుర్చీలు సర్దేదీ అతనే. రాత్రి మంచమెక్కినా కళ్ళ ముందు ఆకులే.

అంతా బాగుంది. ఒక్కటి తప్ప.

మొదటి రోజు తేడా — ఒకటి. పొద్దున వచ్చి ముందు రోజు అంకెలు చూస్తే, లోపలికి వెళ్ళినవాళ్ళకన్నా బయటికి వచ్చినవాళ్ళు ఒకరు తక్కువ. యంత్రం కొత్తది కదా అనుకున్నాడు. రెండో రోజూ ఒకటే. మూడో రోజూ... అంతే. యంత్రం తప్పయితే తప్పు ఓ రోజు పెరగాలి, ఓ రోజు తగ్గాలి. ఇది పెరగదు, తగ్గదు.

ఒకరు వస్తున్నారు. వెళ్ళడం లేదు.

పొద్దున్నే ఊడ్చే ఆయమ్మకి చెప్పాడు. ఆవిడ చీపురు ఆపి, చివరి వరస వైపు చూసి, గొంతు తగ్గించింది.

"ఆవిడే బాబూ. రోజూ ఆ కుర్చీ కింద ఆకులు రాలి ఉంటున్నాయి. చెట్టేమో ఆ గోడకి, కుర్చీ ఈ మూలకి. నడిచొచ్చాయా మరి?"

"గాలికి పడుంటాయి ఆయమ్మా."

"కిటికీలన్నీ మూసే ఉంటాయి... నువ్వే మూస్తావుగా."

అతను వెళ్ళి కిటికీ గడియలు ఒక్కొక్కటీ లాగి చూశాడు.

గోరుచుట్టు మీద రోకటిపోటులా, హెడ్మాస్టర్ కంట్లో కూడా ఆ తేడా పడింది. "రోజూ ఒకడు లోపలే ఉండిపోతున్నాడా? ఒక అంకె తప్పయితే అన్నీ తప్పేనయ్యా. శనివారం కమిటీ వస్తోంది. శుక్రవారం రాత్రికి నీ లెక్క సరిపోవాలి. దెయ్యాల లెక్కలు నేను చూపించలేను."

గురువారం రాత్రి అన్నం కంచం ముందు కూర్చుని అలాగే కునికాడు. అక్క భుజం కుదిపింది.

"ఒరేయ్, ముద్ద చేతిలో ఉంది, నోరు ఇటుంది!"

"తింటున్నానే..."

"ఎవరు తింటున్నారు? ఈ ఇంటికి నీ చొక్కా వస్తోంది, చెప్పులు వస్తున్నాయి. నువ్వెప్పుడొచ్చావు? పొద్దున ఆ లైబ్రరీలోకి దూరతావు, మళ్ళీ బయటికి రావు."

ముద్ద కంచంలో పడింది.

పొద్దున ఆయమ్మ వెనకనుంచి వచ్చి ముందు గడియ తీసిపెట్టి, ఊడ్చి వెనకనుంచే వెళుతుంది; అతను ముందు తలుపునుంచే లోపలికి వెళతాడు. సాయంత్రం మాత్రం ముందు తలుపు లోపల గడియ పెట్టి, వెనక మెయిన్ స్విచ్ ఆపి, ఆ వెనక తలుపునుంచే బయటపడతాడు. అక్కడ యంత్రం లేదు. అందర్నీ లెక్కపెట్టి తనని తాను వదిలేశాడు!

"అక్కా, ఆ దెయ్యం నేనేనే!"

"అది నాకు ఎప్పుడో తెలుసు. పెరుగు వేసుకో."

శుక్రవారం సభకి గది కిటకిటలాడింది. పిల్లలు చదివారు, తండ్రులు దగ్గారు, తల్లులు కళ్ళొత్తుకున్నారు. చీకటి పడ్డాక అందరూ వెళ్ళిపోయారు. కాళ్ళు పీకుతున్నా లెక్కలబాబుకి హుషారుగానే ఉంది. వెనక తలుపుకి లోపలినుంచి గడియ పెట్టాడు. స్విచ్ ఆపాడు. ఇక గది పొడుగునా చీకట్లో నడిచి ముందు తలుపునుంచి వెళ్ళాలి — మొదటిసారి.

ఫోన్ వెలుతురు కాళ్ళ ముందే పడుతోంది. చివరి వరస దాటాలి. అటు చూడలేదు. చూడకపోయినా వినపడింది...

సర్ర్... కాగితం నేల మీద జరిగినట్టు.

అడుగు ఆగలేదు. ఇంకా వేగంగా పడింది. తలుపు కిర్రుమంది. బయటికొచ్చి, గొళ్ళెం పెట్టి, తాళం వేసి, అప్పుడు ఊపిరి పీల్చి తెర చూశాడు.

లోపలికి — నూట పన్నెండు.

బయటికి — నూట పదకొండు.

కళ్ళు నులుముకున్నాడు. మధ్యాహ్నం టీకి వెళ్ళడం, రావడం... అన్నీ ఈ తలుపే. ఇప్పుడు తనూ బయటే ఉన్నాడు.

మరి లోపల ఎవరు?

మీట చేతికందేంత దగ్గరలో ఉంది. నొక్కితే రెండూ సున్నా. ఇంటికెళ్ళి పడుకోవచ్చు. ఎంత నిద్ర ఉందో ఒంట్లో! కానీ పొద్దున హెడ్మాస్టర్ అడిగితే ఏ అంకె చెప్పాలి? కమిటీకి ఏం చూపాలి? పైగా... నిజంగా ఎవరైనా ఉంటే?

తాళం తీశాడు.

"ఎవరు?"

చప్పుడు లేదు. ఫోన్ ముందుకి పెట్టి నడిచాడు. చివరి వరస. కుర్చీ వీపు. కుర్చీ పక్కనుంచి కిందికి వేలాడుతూ — ఒక చెయ్యి.

చెయ్యి కదిలింది. కింద రాలిన ఆకులు సర్రుమన్నాయి.

"ఎవడయ్యా అది, కళ్ళలోకి లైటేస్తాడు!"

హెడ్మాస్టర్. ఒళ్ళో పుస్తకం. ముఖం మీద ఎన్నాళ్ళదో అలసట.

"సార్... మీరు?"

"తలలు లెక్కపెడదామని వచ్చాను. ఖాళీ కుర్చీ ఇదొక్కటే. ఏదో పుస్తకం తీశాను..." ముఖం తుడుచుకున్నాడు. "నేను చదువుకుంటూ నిద్రపోయి ఎన్నేళ్ళయిందో తెలుసా? రోజంతా ఫైళ్ళు, ఫిర్యాదులు, బెంచీలు. సభ ఎప్పుడయింది?"

"గంట దాటింది సార్. దెయ్యమనుకున్నాను."

"దెయ్యమే. ఇంట్లో మా ఆవిడ కూడా అదే అంటుంది."

ఇద్దరూ నవ్వారు. ఇద్దరూ బయటికొచ్చారు. తెర మీద ఎర్రగా — లోపలికి నూట పదమూడు, బయటికి నూట పదమూడు.

"సరిపోయింది సార్."

హెడ్మాస్టర్ చాలాసేపు అంకెలు చూశాడు. చంకలో ఆ పుస్తకం అలాగే ఉంది.

"బెంచీలకి ఇంకో చోటు చూద్దాంలే. రేపు కమిటీకి నేనే చెబుతాను. ఈ గది గదిగానే ఉంటుంది."

ఆ మాట విని లెక్కలబాబు తల ఊపాడు. అంతకు మించి ఓపిక లేదు. తలుపు లాగి మూయబోయాడు...

తలుపు రాలేదు.

ఎవరో అవతలినుంచి పట్టుకున్నట్టు ఆగింది. తర్వాత, దానంతట అదే, కొంచెం తెరుచుకుంది. ఏనాడూ కిర్రుమనకుండా కదలని తలుపు... చప్పుడు లేదు. గడప మీదికి ఒక పచ్చ కాగితం ఆకు జారివచ్చింది. దాని మీద ఏ పేరూ లేదు.

హెడ్మాస్టర్ అతని మోచెయ్యి పట్టుకున్నాడు. "మెల్లిగా..." అన్నాడు. ఎందుకన్నాడో అతనికే తెలియదు.

తెర మీద ఒక అంకె మారింది.

లోపలికి — నూట పదమూడు.

బయటికి — నూట పద్నాలుగు.

లెక్కలబాబు మీట వైపు చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. గడపకి అడ్డంగా నిలబడ్డానని అప్పుడు గుర్తొచ్చి, దారి ఇవ్వడానికి పక్కకి ఓ అడుగు వెయ్యబోయాడు.