వణకని చెంచా

ఆఫీసు తలుపు తీసీ తీయకముందే లోపలికొచ్చిన ఆ లెక్చరర్, కుర్చీ అంచున కూర్చుని, ఇచ్చిన మంచినీళ్లు ముట్టుకోకుండా, "మా చెంచా పోయిందండీ" అన్నాడు.

అసిస్టెంటుకు నవ్వొచ్చినంత పనైంది. కానీ పెద్దమ్మ నవ్వలేదు. ఊరందరికీ ఆవిడ పేరున్న డిటెక్టివ్, అసిస్టెంటుగా ఉన్న ఈ పిల్ల వాళ్లమ్మకు అక్క. పెద్దమ్మ నవ్వని చోట తనూ నవ్వకూడదన్నది ఆ పిల్ల ఈ పనిలో నేర్చుకున్న మొదటి పాఠం.

"మామూలు చెంచా అయితే మీరింత కంగారు పడరు. నిదానంగా చెప్పండి" అంది పెద్దమ్మ.

"ఇంజినీరింగ్ పిల్లలకు సొంతంగా సంస్థ పెట్టడమెలాగో నేర్పుతానండీ. చేతులు వణికేవాళ్ల కోసం మా పిల్లలు ఓ చెంచా చేశారు. పిడిలో మోటారు ఉంటుంది. చెయ్యి ఎంత వణికినా చెంచా కదలదు. పెట్టుబడి పెట్టేవాళ్లు రేపు చూడ్డానికి వస్తున్నారు. నిన్న సాయంత్రం రిహార్సల్ అవగానే బీరువాలో పెట్టి నేనే తాళం వేశాను. పొద్దున చూస్తే ఖాళీ పెట్టె. ఉన్న ఒక్క తాళంచెవీ నా దగ్గరే ఉంది. రేపు చూపించడానికేం లేకపోతే మా హెడ్ ఈ కోర్సు ఎత్తేయిస్తారు. ఆయనకిది మొదట్నుంచీ గిట్టదు."

కాలేజీ వర్క్‌షాపులో బీరువా తాళం చెక్కుచెదరలేదు. పెద్దమ్మ తాళాన్ని వదిలేసి, తలుపు బందుల దగ్గర వంగింది. తుప్పుపట్టిన చీల తలమీద సుత్తి దెబ్బ కొత్తగా మెరుస్తోంది. తర్వాత పెట్టె తెరిచింది. స్పాంజిలో చెంచా పట్టే గుంట ఉంది. పిడి ఆనేచోట స్పాంజి గోధుమరంగుకు తిరిగి, పెచ్చులా గట్టిపడింది. పక్కన చార్జర్ ఉండాల్సిన గుంట కూడా ఖాళీయే.

ముందు హెడ్‌ని కలిశారు. ఆయన దాపరికం లేకుండా చెప్పాడు.

"నాకు ఇష్టం లేని మాట నిజమే. లెక్కలూ ప్రయోగాలూ చేయాల్సిన పిల్లలకు గొప్పలు చెప్పుకోవడం నేర్పుతున్నారని నా బాధ. రేపు అందరి ముందూ ఆ చెంచా ఆడకపోతే వాళ్లకే బుద్ధొస్తుందని ఊరుకున్నాను."

చెంచా చేసినవాళ్లు ఇద్దరే. మాటకారి కుర్రాణ్ణి క్లాసంతా మైకు అంటారు. చెంచా మాట అడగ్గానే మైకు మొహం వాడిపోయింది.

"ఏడాది కష్టం మేడమ్. మేమెందుకు పోగొట్టుకుంటాం?"

"వాడి చూస్తే ఎంతసేపు పనిచేసింది?"

"రెండు మూడు నిమిషాలు. చూపించడానికి అంతకన్నా ఎందుకండీ?"

రెండో మనిషి ఓ అమ్మాయి, సర్క్యూట్ పనంతా చూసేది. ఆమె కుడి అరచేతికి అడ్డంగా ఎర్రటి కాలిన గుర్తు ఉంది.

"అదేంటమ్మా?"

"పనిలో కాలిందండీ." ఆమె గుప్పిట మూసుకుంది.

"సోల్డరింగ్ చేసేవాళ్లకు మామూలేగా" అంది అసిస్టెంటు బయటికొచ్చాక. పెద్దమ్మ తలూపింది. అది అవునని కాదు, ఇంకోసారి ఆలోచించమని.

మధ్యాహ్నం అందరూ లెక్చరర్ క్లాసులో కూర్చున్నారు. పెద్దమ్మ బల్లకు ఆనుకుని మొదలుపెట్టింది.

"తాళం తీయలేదు. బందుల చీలలు ఊడగొట్టి తలుపును ఆ వైపు నుంచి తెరిచి, మళ్లీ చీలలు దిగ్గొట్టారు. వర్క్‌షాపులో పనిచేసిన ఎవరైనా చేయగలరు. కాబట్టి ఎలా అన్నది పెద్ద ప్రశ్న కాదు, ఎందుకన్నదే ప్రశ్న. హెడ్ గారికి ఆ చెంచా అందరి ముందూ ఓడిపోవాలని ఉంది. దొంగిలిస్తే ఆ కోరిక తీరదు. చెడగొట్టాలనుకున్నవాళ్లకు చార్జర్‌తో పని లేదు. చార్జర్ కూడా పట్టుకెళ్లారంటే, దాన్ని వాడాలనే పట్టుకెళ్లారు. ఎక్కువసేపు వాడాలని."

పెద్దమ్మ పెట్టె తెరిచి స్పాంజి అందరికీ చూపించింది.

"పిడి వేడికి స్పాంజి కాలింది. రెండు మూడు నిమిషాలకు అంత వేడెక్కదు. అంటే రిహార్సల్‌లో ఎవరో అంతకన్నా ఎక్కువసేపే పట్టుకున్నారు. సోల్డరింగ్ చేస్తే వేళ్ల కొసలు కాలతాయి. అరచేతికి అడ్డంగా కాలాలంటే పిడిని గుప్పిట పట్టాలి." ఆవిడ గొంతు మెత్తబడింది. "ఇక నువ్వే చెప్పమ్మా."

అమ్మాయి లేచి నిలబడింది.

"వేడెక్కుతోందని ఇతనికి చెప్పాను. రేపు గడిచాక చూద్దామన్నాడు. సార్‌కి చెబుదామంటే, ఆయన సంతోషం చూసి నోరు రాలేదు. పోయిందంటే రేపటి ప్రదర్శన ఆగుతుందనుకున్నాను. మా వీధిలో వాచీలు బాగుచేసే తాతగారున్నారు. చేతులు వణికి పని మానేశారు. ఈ పొద్దున ఆయనకిచ్చాను. అన్నం సగం తిన్నాక చెంచా కింద పెట్టేసి, 'బాగుంది తల్లీ, కానీ చెయ్యి కాలుతోంది' అన్నారు. తప్పేనండీ. కానీ దాన్ని అలాగే అమ్మలేను."

మైకు తల దించుకున్నాడు. "నాకు చెప్పింది నిజమే సార్. నేనే కొట్టిపారేశాను."

కోప్పడతాడనుకున్న లెక్చరర్ బోర్డు వైపు చూశాడు. "కొనేవాడి చేతిలో పెట్టి చూడందే మీ వస్తువును నమ్మొద్దని బోర్డు మీద రాస్తూనే ఉన్నాను. ఒక్కరైనా చెవిన పెట్టారన్నమాట" అన్నాడు. "బీరువా తలుపు మాత్రం ఇద్దరూ కలిసి బాగుచేయండి. రేపటి ప్రదర్శన ఆగదు. ఉన్నది ఉన్నట్టు చూపిద్దాం."

మర్నాడు పెద్దమ్మా అసిస్టెంటూ వెనక వరసలో కూర్చున్నారు. వాచీల తాతగారు వేదిక మీద తినడం మొదలుపెట్టారు. వణికే చేతిలో చెంచా నిలకడగా నోటిదాకా వెళ్లింది. కాసేపటికి మోటారు దానంతటదే ఆగిపోయింది. వేడెక్కితే ఆగిపోయేలా ఆ ఇద్దరూ అప్పటికప్పుడు అమర్చారు. భోజనం సగంలోనే ఆగుతోందనీ, దీన్ని సరిచేయందే అమ్మేది లేదనీ అమ్మాయి తడుముకోకుండా చెప్పింది.

"మీరు చెప్పకపోతే మాకు తెలిసేదే కాదు కదా. ఎందుకు చెప్పారు?" అన్నాడు పెట్టుబడి పెట్టడానికొచ్చిన పెద్దమనిషి.

"మీకు తెలిసేది కాదండీ" అన్నాడు మైకు. "తాతగారికి తెలిసేది."

ఆ పెద్దమనిషి తాతగారి వైపు చూసి, "సరిచేశాక ముందు మాకే చూపించండి" అన్నాడు.

గోడకు ఆనుకుని నిలబడ్డ హెడ్ కళ్లద్దాలు తుడుచుకుని, లెక్చరర్ దగ్గరికొచ్చాడు. "వచ్చే ఏడు మీ క్లాసుకు ఈ గది చాలదేమో, చూడండి" అన్నాడు.

లెక్చరర్ వేదిక మీద పక్కపక్కన నిలబడ్డ తన పిల్లలిద్దరినీ కళ్లారా చూసుకుంటూ అలాగే ఉండిపోయాడు.